జనరల్ బోగీ లెక్క: ఖరగ్‌పూర్ దారిలో రెండు ఖాతాల చరిత్ర

2023 జూన్ 2 సాయంత్రం ఏడు గంటలకు కాస్త ముందు, ఒడిశాలోని బహనాగ బజార్ స్టేషన్‌లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్ దారితప్పి లూప్‌లైన్‌లోకి మళ్ళి, అక్కడ ఆగి ఉన్న గూడ్స్ రైలును ఢీకొన్నది. పట్టాలపై చెల్లాచెదురైన బోగీలను ఎదురుగా వస్తున్న యశ్వంత్‌పూర్–హావ్‌డా రైలు తాకింది. మరణించినవారు 290 మందికి పైనే. ఆ స్టేషన్ ఆగ్నేయ రైల్వేలో ఖరగ్‌పూర్ డివిజన్‌కు చెందినది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫామ్‌ను ఆ రైలు విడిచి రెండు గంటలైనా కాలేదు.

ఆ రాత్రే ఆంధ్రప్రదేశ్ అధికారుల చేతికి ఒక జాబితా అందింది. రిజర్వేషన్ చార్టులో ఉన్న పేర్లు, వయసులు, ఫోన్ నంబర్ల ఆధారంగా విశాఖపట్నం, రాజమహేంద్రవరం, విజయవాడలలో దిగవలసిన ప్రయాణికులకు వరుసగా ఫోన్లు చేశారు. ఎవరు క్షేమం, ఎవరు ఫోన్ ఎత్తడంలేదు అన్నది తెల్లవారేసరికి కొంత తేలింది. జనరల్ బోగీలలో ఉన్నవారి విషయంలో ఇటువంటి పని ఏదీ చేయడానికి వీలులేకపోయింది, ఎందుకంటే వారి జాబితా లేదు. సాధారణంగా ఈ బోగీలను రైలుకు ముందు కొసన, వెనుక కొసన తగిలిస్తారు, కనుక ఢీకొన్నప్పుడు మొదటి దెబ్బ వాటిదే. నెలల తరబడి భువనేశ్వర్ ఎయిమ్స్‌లో భద్రపరచి, డీఎన్ఏ పరీక్షలు జరిపినా ఎవరివో తేలని 28 మృతదేహాలకు ఆ ఏడాది అక్టోబర్‌లో నగరపాలక సంస్థ అంత్యక్రియలు జరిపింది.

జనరల్ టికెట్‌కు జాబితా ఉండదన్న మాట నిజమే గాని, లెక్క ఉండదన్న మాట నిజం కాదు. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ తేదీన, ఎంతమందికి, ఎంత ధరకు టికెట్ ఇచ్చారన్నది రైల్వే యంత్రంలో భద్రంగా ఉంటుంది. ఆ లెక్కను పట్టుకొనే ఆర్థికవేత్తలు దేశంలో వలసల పరిమాణాన్ని అంచనా వేశారు, ప్రభుత్వాలు ఆ అంచనాను ఉటంకించాయి. పేరు తెలియని మనిషి సంఖ్యగా మాత్రం రాజ్యానికి సుపరిచితుడు. ఈ వైచిత్రి ఎలా ఏర్పడిందో తెలియాలంటే ఖరగ్‌పూర్ మీదుగానే కొంత వెనక్కి వెళ్ళాలి.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. పంతొమ్మిదో శతాబ్దం ముగుస్తున్న వేళ ఖరగ్‌పూర్‌లో జంక్షన్, దాని వెంట వర్క్‌షాప్ వెలిశాయి. తూర్పు తీరపు రైలుమార్గంలో ఉత్తర భాగం ఆ కంపెనీ చేతిలోకి రావడంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగువారు ఆ పట్టణానికి పనికోసం తరలివెళ్ళారు. ఫిట్టర్లు, ఖలాసీలు, గ్యాంగ్‌మన్లు, గుమాస్తాలు అయ్యారు. నేటికీ ఖరగ్‌పూర్ బజారులో తెలుగు వినపడడానికి మూలం అదే.

కంపెనీకి ప్రభుత్వం పెట్టుబడిపై రాబడి హామీ ఇచ్చింది. హామీ ఇచ్చినవాడికి లెక్క చూపించాలి కదా! ప్రతి స్టేషన్‌లో బుకింగ్ గుమాస్తా అట్టముక్క టికెట్ల వరుస నంబర్లను పుస్తకంలోకి ఎక్కించేవాడు. ఆ రోజు మొదటి నంబరు, చివరి నంబరు, వాటి మధ్య తేడా, వసూలైన సొమ్ము. రోజు పుస్తకాల నుంచి నెల రిటర్నులు, వాటి నుంచి కలకత్తాలోని గార్డెన్‌రీచ్ కార్యాలయంలో వార్షిక పట్టికలు తయారయ్యేవి. కౌంటర్ దగ్గర పుస్తకం ఈ క్షణపు వ్యవహారం కోసం, గార్డెన్‌రీచ్ పట్టిక ఏడాది పొడవునా జరిగినదాన్ని ఒక్కచూపులో గ్రహించడం కోసం. మొదటిది గుమాస్తాకు, రెండవది ఏజెంటుకు, లండన్‌లోని బోర్డుకు. రెండింటి నడుమ నెలకొకసారి ఒక కాగితం ప్రయాణించేది. నేడు కంప్యూటర్ రంగంలో లావాదేవీల డేటాబేస్, విశ్లేషణ కోసం డేటా వేర్‌హౌస్ అని విడదీసి చెప్పే రెండు ఖాతాలూ ఇవే. వాటి మధ్య వంతెన కొత్తదిగా కనిపిస్తుంది గాని, అవసరం పాతదే.

ఆ పట్టిక చదివేవారి చేతిలో ఎటువంటి ఆయుధమో ఖరగ్‌పూర్ కార్మికులు 1927లో చూశారు. రైల్వే వర్క్‌షాపులలో మనుషులు అవసరానికి మించి ఉన్నారని, వ్యయం తగ్గించాలని సర్ విన్సెంట్ రావెన్ అధ్యక్షతన పనిచేసిన కమిటీ తేల్చింది. ఆ తర్వాత బి.ఎన్.ఆర్. యాజమాన్యం పెద్ద సంఖ్యలో ఉద్వాసనలు ప్రకటించింది. ఆ సంవత్సరం ఖరగ్‌పూర్ సమ్మెను, లాకౌట్‌ను చూసింది. ఆ పోరాటానికి నాయకత్వం వహించినవారిలో ముఖ్యుడు బరంపురం నుంచి వచ్చిన న్యాయవాది, తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి. యూనియన్ వాదన సారాంశం ఇంతే: పట్టికలో ‘అదనం’ అని కనిపిస్తున్నవాడికి ఒక ఇల్లు, అప్పు, పదేళ్ళ సర్వీసు ఉన్నాయి, ఆ గడులు మీ పట్టికలో లేవు. ఏ వివరం పైకి ప్రయాణించాలి, ఏది కింది పుస్తకంలోనే ఉండిపోవాలి అన్నది గుమాస్తా నిర్ణయం కాదని ఆ తరం గ్రహించింది.

తర్వాతి అరవై ఏళ్ళలో యాజమాన్యాలు మారాయి. 1944లో కంపెనీ ప్రభుత్వపరమైంది, 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. పుస్తకాలు మాత్రం మారలేదు. ఖరగ్‌పూర్‌కు ఫలానా రైలులో ఇన్ని బెర్తులని కోటా ఉండేది, రిజిస్టర్‌లో పేరు రాసుకొనేవారు. తిరుగు ప్రయాణానికి బెర్తు కావాలంటే తంతి వెళ్ళి జవాబు రావాలి.

1985 నవంబర్‌లో దిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైన కంప్యూటర్ రిజర్వేషన్ ఈ రిజిస్టర్‌ను యంత్రంలోకి మార్చింది. ఐబీఎం 1978లో దేశాన్ని విడిచినప్పుడు దాని యంత్రాల సంరక్షణను చేపట్టిన ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ ఆ వ్యవస్థను రూపొందించింది. 1986లో రైల్వే తనకంటూ క్రిస్ అనే సమాచార సంస్థను నెలకొల్పుకొన్నది. దిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ అయిదు కేంద్రాలయ్యాయి. మొదట్లో ఏ కేంద్రానికి ఆ కేంద్రమే లోకం. అయిదింటినీ ఒకదానితో ఒకటి మాట్లాడించే ‘కన్సర్ట్’ అనే వ్యవస్థ 1994లో మొట్టమొదట సికింద్రాబాద్‌లో అమలైంది, 1999 ఏప్రిల్‌కు అయిదూ కలిశాయి. ఖరగ్‌పూర్ కౌంటర్‌లో కూర్చున్న గుమాస్తా విజయవాడ నుంచి చెన్నైకి బెర్తు ఇవ్వగలిగాడు. తెలుగు ఇంజినీర్ల విజయగాథలంటే అమెరికా వైపే చూసే అలవాటున్నవారికి సికింద్రాబాద్ కేంద్రం కథ అంతగా తెలియదు.

ఈ యంత్రం పని ఎంత కఠినమైనదో ఒక్క ఉదాహరణ చాలు. ఎస్4 బోగీలో 32వ బెర్తు ఒక్కటే మిగిలింది. ఖరగ్‌పూర్‌లో ఒకరు, భువనేశ్వర్‌లో ఒకరు ఒకే క్షణంలో అడిగారు. యంత్రం ఆ బెర్తుకు తాళం వేసి, ఒకరికి ఇచ్చి, సొమ్ము నమోదు చేసి, తాళం తీయాలి. మధ్యలో కరెంటు పోతే మొత్తం జరగనట్టే ఉండాలి, సగం జరిగినట్టు ఉండకూడదు. ఇదంతా క్షణాల్లో పూర్తికావాలి. ఇక రైల్వే బోర్డు అడిగే ప్రశ్న వేరు: గత అయిదేళ్ళలో ఖరగ్‌పూర్ నుంచి విశాఖకు నెలవారీగా ఎంతమంది వెళ్ళారు? దీనికి జవాబు చెప్పాలంటే కోట్ల వరుసలు చదవాలి. తత్కాల్ టికెట్లు తెరుచుకొనే వేళ అదే యంత్రాన్ని ఆ ప్రశ్న అడిగితే కౌంటర్ల ముందు క్యూ కదలదు.

కనుక ప్రతి తీసుకోవాలి. ప్రపంచమంతా ఈ తీర్మానానికే వచ్చింది. 1988లో ఐబీఎంకు చెందిన బారీ డెవ్లిన్, పాల్ మర్ఫీ రాసిన వ్యాసం, 1992లో బిల్ ఇన్మన్ పుస్తకం డేటా వేర్‌హౌస్ అనే భావనకు రూపమిచ్చాయి. వ్యవహార ఖాతాలో ఒక్కొక్క టికెట్ వివరాలన్నీ ఒక వరుసలో పక్కపక్కన ఉంటాయి. విశ్లేషణ గిడ్డంగిలో ధరలన్నీ ఒకచోట, తేదీలన్నీ ఒకచోట నిలువుగా పేర్చుకోవచ్చు, అందుకే కూడికలు త్వరగా అవుతాయి. తొలినాళ్ళలో రాత్రిపూట కౌంటర్లు పలచబడ్డాక ఆనాటి వరుసలను మూటగట్టి గిడ్డంగికి పంపేవారు. తర్వాత డేటాబేస్ తన ప్రతి మార్పునూ రాసుకొనే చిట్టాను వెనువెంటనే చదివి పంపే పద్ధతి వచ్చింది. ఇప్పుడు ఈ రెండు ఖాతాలూ క్లౌడ్‌లోనే ఉంటున్నాయి. అమెజాన్ 2022 నవంబర్‌లో తన అరోరా డేటాబేస్‌ను రెడ్‌షిఫ్ట్ గిడ్డంగితో నేరుగా కలిపే సౌకర్యాన్ని ప్రకటించింది, ఇతర సంస్థలూ అదే దారిలో ఉన్నాయి. నెలకొకసారి గార్డెన్‌రీచ్‌కు వెళ్ళిన కాగితం స్థానంలో తెగని ప్రవాహం వచ్చింది.

సాంకేతిక నిపుణులు ఈ వంతెనను వేగం, ఖర్చు అనే రెండు కొలతలతో కొలుస్తారు. పౌరుడు అడగవలసినది మూడవది. కాగితం నెలకొకసారి వెళ్ళినప్పుడు ఏ గడులు నింపాలో ఒక మనిషి చూసేవాడు. ప్రవాహంలో ఏ వివరం దాటాలో ఒక్కసారి నిర్ణయిస్తారు, తర్వాత ఎవరూ చూడరు.

రైల్వేలోనే ఇందుకు రెండు దృష్టాంతాలున్నాయి. 2002 ఆగస్టు 15న దిల్లీ పరిసరాల స్టేషన్లలో అన్‌రిజర్వుడ్ టికెట్ల కంప్యూటర్ వ్యవస్థ ప్రారంభమైంది. అంతకు రెండు వారాల లోపే, ఆగస్టు 3న, ఐఆర్‌సీటీసీ ఆన్‌లైన్ రిజర్వేషన్ మొదలైంది. ఒకే నెలలో పుట్టిన ఈ రెండింటి జాతకాలు వేరు. రెండవది ప్రయాణికుడి పేరు, వయసు, ఫోన్, చిరునామా పోగుచేసింది. మొదటిదానికి ఆ ఆసక్తి లేదు, దానికి కావలసినది స్టేషన్ల జంట, మనుషుల సంఖ్య, సొమ్ము.

పేరులేని ఆ ఖాతాకు ఊహించని విలువ 2017లో బయటపడింది. అరవింద్ సుబ్రమణియన్ ముఖ్య ఆర్థిక సలహాదారుగా ఉన్నప్పటి 2016–17 ఆర్థిక సర్వేలో వలసలపై ఒక అధ్యాయం ఉంది. 2011 నుంచి 2016 వరకు స్టేషన్ల జంటల మధ్య నెలవారీ అన్‌రిజర్వుడ్ ప్రయాణాల లెక్కను రైల్వే శాఖ నుంచి తీసుకొని, రోజువారీ రాకపోకలను మినహాయించి, వెళ్ళినవారికీ తిరిగివచ్చినవారికీ నడుమ నికర తేడాను చూశారు. రాష్ట్రాల మధ్య వలస ఏటా సగటున 90 లక్షలకు చేరువలో ఉందని తేల్చారు. అంతకుముందు అందరూ అనుకొంటున్నదాని కంటే ఇది చాలా ఎక్కువ. 2011 జనగణన వలస పట్టికలు అప్పటికి పూర్తిగా వెలువడనేలేదు. కౌంటర్ దగ్గర డబ్బు లెక్కకోసం పుట్టిన ఖాతా, జనగణన చెప్పలేని సంగతి చెప్పింది. సర్వే రచయితలది నిజంగా మెచ్చుకోదగిన యుక్తి.

మూడేళ్ళకే ఆ వలస కార్మికులు కళ్ళముందు కనిపించారు. 2020 మే 1 తెల్లవారుజామున హైదరాబాద్ శివార్లలోని లింగంపల్లి నుంచి దాదాపు 1,200 మందితో ఝార్ఖండ్‌లోని హటియాకు మొదటి శ్రామిక్ రైలు కదిలింది. అటువంటి రైళ్ళు 4,600కు పైగా నడిచాయి, 63 లక్షల మంది ప్రయాణించారు. రాష్ట్ర ప్రభుత్వాలు పేర్ల జాబితాలు ఇస్తేనే రైల్వే టికెట్లు ఇచ్చింది. అంటే జనరల్ బోగీ మనిషికి మొట్టమొదటిసారి పేరు వచ్చింది, ఇంటికి పంపించవలసిన అవసరం పడ్డాక. సెప్టెంబర్‌లో పార్లమెంటు సమావేశమైనప్పుడు, లాక్‌డౌన్‌లో సొంత ఊళ్ళకు వెళుతూ మరణించిన వలస కార్మికుల సమాచారం తమ వద్ద లేదని కార్మికశాఖ జవాబిచ్చింది. అదే సమావేశాల్లో శ్రామిక్ రైళ్ళలో 97 మంది మరణించారని రైల్వే శాఖ చెప్పింది. ఒక శాఖ ఖాతాలో ఉన్నది మరో శాఖ ఖాతాలోకి దాటలేదు. దాటించాలని ఎవరూ కోరుకోలేదనడం కూడా తప్పు కాదు.

కోరుకుంటే ఏమవుతుందో సుప్రీంకోర్టు చూపింది. అసంఘటిత కార్మికుల జాతీయ జాబితా తయారీలో జాప్యాన్ని 2021 జూన్‌లో న్యాయస్థానం క్షమించరానిదిగా తప్పుపట్టాక, ఆగస్టులో ఈ-శ్రమ్ పోర్టల్ వచ్చింది. నమోదైన 28.6 కోట్ల మంది పేర్లను రేషన్ కార్డుల ఖాతాతో సరిపోల్చగా 20.6 కోట్ల మందికే కార్డులున్నట్టు, 8 కోట్ల మందికి లేనట్టు బయటపడింది. ఆ 8 కోట్ల మందికి కార్డులివ్వాలని 2023లో, మళ్ళీ 2024లో కోర్టు ఆదేశించవలసి వచ్చింది. రెండు ఖాతాలను కలపడం వల్ల ఆకలి లెక్క తేలింది. అన్నం పెట్టడం మాత్రం ఆ లెక్కతో దానంతట అది జరగలేదు.

వంతెన మరోవైపుకూ తెరుచుకొంటుంది. 2022 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ తన దగ్గరున్న ప్రయాణికుల సమాచారం నుంచి ఆదాయం పొందే మార్గాలు సూచించడానికి సలహాదారు కావాలని టెండర్ పిలిచింది. వెయ్యి కోట్ల రూపాయల వరకు రాబడి లక్ష్యమని వార్తలు వచ్చాయి. అదే నెల 3న కేంద్రం వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లును ఉపసంహరించుకొని ఉంది. అంటే కాపలాదారును పంపించివేసి గిడ్డంగి తలుపు బేరానికి పెట్టినట్టు. శశి థరూర్ అధ్యక్షతన ఉన్న పార్లమెంటరీ స్థాయీ సంఘం ముందు హాజరైన రోజు, ఆగస్టు 26న, టెండర్‌ను రద్దు చేసుకొన్నట్టు సంస్థ తెలిపింది. బెర్తు కోసం ఇచ్చిన ఫోన్ నంబర్ బెర్తు కోసమే అన్న సూత్రం చట్టంలోకి రావడానికి 2023 ఆగస్టు దాకా ఆగవలసి వచ్చింది. ఆ చట్టం ప్రభుత్వానికి ఇచ్చుకొన్న మినహాయింపులు మరో చర్చ.

ఈ దృష్టితో చూస్తే, పేరు చెప్పకుండా ఎక్కి పేరు చెప్పకుండా దిగే జనరల్ ప్రయాణికుడు ఈ దేశంలో స్వేచ్ఛగా మిగిలిన ప్రయాణికుడు కూడా. బహనాగ తర్వాత ప్రతి జనరల్ టికెట్‌కూ గుర్తింపు కార్డు ముడిపెట్టాలన్న మాట సులభంగా నోటికి వస్తుంది. దానివల్ల శవం గుర్తింపు తేలికవుతుందేమో గాని, బతికి ఉన్న కోట్ల మంది కదలికలు పోలీసు చూపు కిందికి వస్తాయి. నష్టపరిహారం విషయంలో న్యాయస్థానం మెరుగైన దారి చూపింది. టికెట్ దొరకనంత మాత్రాన మృతుడు నిజమైన ప్రయాణికుడు కాకుండా పోడని, హక్కుదారు అఫిడవిట్‌తో తొలి రుజువు చూపవచ్చని, ఆపై నిరూపణ భారం రైల్వేదని 2018 నాటి రీనా దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అసలు ప్రమాదం లెక్కలోనే ఉంది. 2024 డిసెంబర్‌లో ప్రధానమంత్రి ఆర్థిక సలహామండలి నుంచి ఒక పత్రం వచ్చింది. రచయితలు కీర్తిశేషులు బిబేక్ దేబ్రాయ్, దేవీప్రసాద్ మిశ్రా. వారూ అన్‌రిజర్వుడ్ టికెట్ల లెక్కనే ప్రధానంగా తీసుకొన్నారు. 2012తో పోలిస్తే 2023లో ఆ ప్రయాణాలు 6.67 శాతం తగ్గాయని, దాని ప్రకారం దేశంలో వలసదారులు 40.2 కోట్లని, ఇది 2011 జనగణన లెక్కకన్నా దాదాపు 12 శాతం తక్కువని అంచనా వేశారు. ఊళ్ళలోనే అవకాశాలు పెరిగినందువల్ల వలస తగ్గుతున్నదని వారి వ్యాఖ్యానం.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. టికెట్ల ఖాతా అమ్మినదాన్ని మాత్రమే రాసుకొంటుంది. జనరల్ బోగీ తలుపు దగ్గర వేలాడలేక బస్సెక్కినవాడు అందులో ఉండడు. రైలుకు జనరల్ బోగీలు నాలుగు నుంచి రెండుకు తగ్గితే ఆ మేరకు టికెట్లూ తగ్గవచ్చు, తగ్గుదలను వలస తగ్గుదలగా చదివితే సరఫరాను గిరాకీగా పొరబడినట్టే. పెళ్ళై వెళ్ళిన స్త్రీలు జనగణన వలస లెక్కలో అత్యధికులు, టికెట్‌లో వారి జాడ తెలియదు. వలసదారులు బయలుదేరే ముఖ్య జిల్లాలలో చిత్తూరు, గుంటూరు పేర్లను ఈ పత్రం పేర్కొన్నది. ఉమ్మడి చిత్తూరు జిల్లాగా లెక్కించి ఉంటే తిరుపతి అందులోనిదే. శ్రీవారి దర్శనం చేసుకొని గుండుతో జనరల్ బోగీ ఎక్కిన యాత్రికుడికీ, బెంగళూరు కట్టడం పనికి వెళుతున్న కూలీకీ ఇచ్చే టికెట్ ఒక్కటే. రచయితలు దీన్ని ఎలా వడగట్టారన్నది తెలుగు పాఠకుడు అడిగి తీరవలసిన ప్రశ్న. మూలసమాచారాన్ని అందరికీ తెరిచి ఉంచితేనే దానికి జవాబు వెతకవచ్చు.

లెక్క మీద హక్కు ఎలా ఆధారపడుతుందో ఖరగ్‌పూర్ తెలుగువారికి మరో దారిలో తెలుసు. వందేళ్ళకు పైగా అక్కడ ఉన్నా తమ భాషకు గుర్తింపు కోసం వారు ఎంతోకాలం అర్జీలు పెట్టుకొన్నారు. 2020 డిసెంబర్‌లో, శాసనసభ ఎన్నికలకు కొద్ది నెలల ముందు, పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. అటువంటి హోదా ఆచరణలోకి రావాలంటే ఒక ప్రాంతంలో ఆ భాష మాట్లాడేవారి నిష్పత్తి ఎంత అన్న ప్రశ్న వస్తుంది. ఆ సంఖ్య చెప్పగలిగేది జనగణన ఒక్కటే, అది 2011 తర్వాత జరగలేదు. వర్క్‌షాప్‌లో ఉద్యోగ విరమణ చేసి విజయనగరం తిరిగివెళ్ళినవారు, ఖరగ్‌పూర్‌లోనే ఇల్లు కట్టుకొని పిల్లలను బెంగాలీలో చదివించినవారు, ఇంట్లో తెలుగు, బయట హిందీ మాట్లాడే మూడవ తరం వారు ఎందరన్నది పాత పట్టికలో దొరకదు. 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరగవలసిన జనగణనలో గణకుడు కాగితానికి బదులు ఫోన్‌లో వివరాలు నింపుతాడు, మాతృభాష గడి అందులోనూ ఉంటుంది.